‘తమిళులకు సొంత సంగీతం లేదు’ అన్న ప్రచారానికి జవాబు

త్యాగరాజ ఆరాధన రోజులు దగ్గరపడితే చాలు, ఫోన్లలో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. దాని సారాంశం: కర్ణాటక సంగీతం పూర్తిగా తెలుగువారి సొత్తు. సంగీత త్రిమూర్తులు ముగ్గురూ తెలుగువారే. తమిళులకు తేవారం (శివుడి మీది పాత తమిళ పాటలు) భజనలు తప్ప శాస్త్రమంటూ లేదు. వాళ్ళ పాట కచేరీ ఎక్కింది 1943లో తమిళ ఇసై (సంగీత) సంఘం పెట్టాకే. తమిళం పాటకు పనికిరాదు కాబట్టే తంజావూరు రాజులు తెలుగును పట్టుకున్నారు. చివరికి మన కీర్తనలు వాళ్ళు లాక్కున్నారు.

పంపేవాళ్ళకు త్యాగయ్య మీద, తెలుగు మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమను ఎవరూ కాదనక్కర్లేదు. కానీ సందేశంలో ఒక్క వాక్యం కూడా పూర్తిగా నిలబడదు.

“త్రిమూర్తులు ముగ్గురూ తెలుగువారే”

ముగ్గురూ పుట్టింది తిరువారూరులో. శ్యామశాస్త్రి 1762లో, త్యాగరాజు 1767లో, ముత్తుస్వామి దీక్షితులు 1775లో. ఇంటి భాష తెలుగు అని గట్టిగా చెప్పగలిగింది త్యాగరాజు విషయంలోనే. ఆయనది ములకనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబం. దీక్షితులది తమిళ కుటుంబం, కృతులు దాదాపు అన్నీ సంస్కృతంలో. శ్యామశాస్త్రిది బంగారు కామాక్షి అర్చకుల వంశం. ఎక్కువగా తెలుగులో రాశారు, తమిళంలోనూ రాశారు. తెలుగులో రాసినంత మాత్రాన తెలుగువారైపోరు. తంజావూరు సోదరులు చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు తమిళ నట్టువనార్ల (నాట్యగురువుల) ఇంట పుట్టి తెలుగులో వర్ణాలు కట్టారు. ఇంటి భాష వేరైనవాళ్ళు కూడా తెలుగును ఎంచుకోవడమే నిజానికి తెలుగుకు పెద్ద గౌరవం. ఈ సందేశం ఆ గౌరవాన్నే చెరిపేస్తోంది.

“తమిళులకు శాస్త్రం లేదు”

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. శిలప్పదికారం అనే తమిళ కావ్యం ఎప్పటిదన్న వాదాలు ఎలా ఉన్నా, అది అన్నమయ్యకు ఎన్నో శతాబ్దాల ముందుది. అందులోని అరంగేట్రు కాదై అనే భాగం నర్తకి మాధవి తొలి నాట్య ప్రదర్శనను వర్ణిస్తుంది. రంగస్థలం కొలత ఎనిమిది కోలల పొడవు, ఏడు కోలల వెడల్పు, ఒక కోల ఎత్తు. కోల అంటే ఇరవై నాలుగు అంగుళాలు, అంటే వేలి వెడల్పులు. పాట కట్టేవాడు, మద్దెలవాడు, వేణువు ఊదేవాడు, యాళ్ అనే తీగవాద్యం వాయించేవాడు ఒక్కొక్కరికీ ఏమేం వచ్చి ఉండాలో విడివిడిగా చెబుతుంది. ఏడు స్వరాలకు తమిళ పేర్లు ఉన్నాయి: కురల్, తుత్తం, కైక్కిళై, ఉళై, ఇళి, విళరి, తారం. శాస్త్రం లేనిచోట ఇంత పరిభాష పుట్టదు.

ఇంకా ముఖ్యమైనది పాలై పద్ధతి. ఒక స్వరవరుసలో ఆధార షడ్జాన్ని (‘స’ను) ఒక్కొక్క మెట్టు జరుపుకుంటూ పోతే మొత్తం ఏడు వరుసలు వస్తాయి. మనం గ్రహభేదం అనేది ఇదే. మొదటిదైన సెంపాలైని చాలామంది పరిశోధకులు నేటి హరికాంభోజి రాగం అంటారు, శంకరాభరణమన్న వాదన కూడా ఉంది. హరికాంభోజి లెక్కను ఇంట్లో హార్మోనియం ఉన్నవాళ్ళెవరైనా సరిచూసుకోవచ్చు. తెల్ల మెట్లు మాత్రమే వాడాలి, వాటిలో C ఒకటో శ్రుతి. ఐదో శ్రుతి తెల్లమెట్టును షడ్జంగా పట్టి పైకి వెళ్తే హరికాంభోజి. ఆరును షడ్జం చేస్తే నటభైరవి, ఒకటిని చేస్తే శంకరాభరణం, రెండును చేస్తే ఖరహరప్రియ, మూడును చేస్తే తోడి, నాలుగును చేస్తే కల్యాణి స్వరాలు వస్తాయి. ఏడో మెట్టు దగ్గర మాత్రం ఆగాలి. అక్కడ పంచమం దొరకదు, రెండు మధ్యమాలు వస్తాయి. పంచమం మోగే తంబురా దానికి కుదరదు, మన మేళకర్తల్లో (మూల రాగాల పట్టికలో) దానికి చోటూ లేదు.

ఇది ప్రయత్నించేవాళ్ళు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. శ్రుతిపెట్టెను ఐదు మీదే ఉంచి మిగతా మెట్ల నుంచి మొదలుపెడతారు. అప్పుడు చెవికి హరికాంభోజి తప్ప మరేదీ వినిపించదు, ‘ఇదంతా కల్పన’ అని వదిలేస్తారు. షడ్జం మార్చిన ప్రతిసారీ శ్రుతి కూడా మార్చాలి. ఇంకో మాట. మూడో మెట్టు నుంచి వచ్చేవి తోడి స్వరాలే గాని తోడి రాగం కాదు. తోడి గాంధారాన్ని కదిలించకుండా నిలిపి పట్టుకుంటే అది తోడి అనిపించుకోదు. స్వరాల వరుస దొరికిందంటే రాగం దొరికిందని కాదు.

అందుకే ఎదుటి పక్షంలో వినిపించే అతిశయోక్తినీ ఒప్పుకోలేం. డెబ్బై రెండు మేళకర్తలూ శిలప్పదికారంలోనే ఉన్నాయని కొందరంటారు. లేవు. పై పద్ధతిలో పంచమం ఉన్న వరుసలు ఆరే వస్తాయి. డెబ్బై రెండు లెక్క వేరే సూత్రం మీద కట్టింది: షడ్జ పంచమాలు కదలవు, రిషభ గాంధారాల జోడింపులు ఆరు, ధైవత నిషాదాల జోడింపులు ఆరు, మధ్యమాలు రెండు. ఆరు ఆర్లు ముప్పై ఆరు, దానికి రెట్టింపు డెబ్బై రెండు. 17వ శతాబ్దంలో తంజావూరు నాయకుల ఆస్థానంలో శాస్త్రకారుడు వేంకటమఖి దీన్ని చతుర్దండీప్రకాశిక అనే గ్రంథంలో పెట్టాడు, అప్పటికి వాడుకలో ఉన్నవి పంతొమ్మిదేనని ఆయనే రాశాడు. పసిపిల్లలు సరళీవరుసలు నేర్చుకునే మాయామాళవగౌళను తెల్లమెట్ల మీద ఎక్కడ మొదలుపెట్టినా రాబట్టలేరు. ఆ వరుసలో రిషభం నుంచి గాంధారానికి, ధైవతం నుంచి నిషాదానికి మూడేసి స్థానాల దూరం ఉంది. తెల్లమెట్లలో పక్కపక్కన ఉన్నవాటి మధ్య రెండు స్థానాలకు మించి దూరం ఎక్కడా లేదు.

తేవారం ఉత్త భజన అన్నమాటకు తంజావూరు పెద్దగుడి శాసనం చాలు. రాజరాజ చోళుడు తిరుప్పదియం, అంటే తేవారం పాటలు పాడేందుకు నలభై ఎనిమిది మంది గాయకులను, వాళ్ళకు తోడు ఇద్దరు వాద్యకారులను నియమించి రోజువారీ ధాన్యం ఏర్పాటు చేశాడు. తేవారం కవులు అప్పర్, సంబందర్, సుందరర్‌ల పదికాలు (పాటలు) పణ్‌ల (పాత తమిళ రాగాల) వారీగా విభజించి ఉన్నాయి. నేటికీ గుళ్ళలో తేవారం పాడే ఓదువార్లు పళంపంజురం పణ్‌ను శంకరాభరణంలో, కౌశికాన్ని భైరవిలో, తక్కేశిని కాంభోజిలో, మేఘరాగక్కురింజిని నీలాంబరిలో పాడతారు. అయితే ఇక్కడా జాగ్రత్త అవసరం. ఇది నేటి ఓదువార్ల సంప్రదాయం. ఏడో శతాబ్దంలో కౌశికం అచ్చంగా ఇప్పటి భైరవిలాగే ఉండేదని చెప్పడానికి స్వరలిపి ఏదీ మిగల్లేదు. పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలై కొండ మీద స్వరాలు చెక్కిన ప్రాచీన శాసనం ఉంది కదా అంటారు. అది సంస్కృత శాస్త్ర పరిభాషలో గ్రామరాగాలనే ప్రాచీన రాగాలను చెప్పే శాసనం, పణ్‌లను కాదు. తమిళ నేల మీదే రెండు సంప్రదాయాలూ పక్కపక్కన బతికాయని అది చూపిస్తుంది.

“1943కు ముందు తమిళ పాట లేదు”

తమిళ ఇసై సంఘం మద్రాసులో 1943లో ఏర్పడిన మాట నిజం. అంతకు రెండేళ్ళ ముందు అణ్ణామలై విశ్వవిద్యాలయంలో సమావేశమూ జరిగింది. రాజా అణ్ణామలై చెట్టియార్ వెనక నిలిచారు. కానీ వాళ్ళు కోరింది ఏమిటి? కచేరీ చివర తుక్కడాలుగా (చిన్న పాటలుగా) మిగిలిన తమిళ పాటలను మధ్యలోకి, ప్రధాన స్థానంలోకి తేవాలని. లేని పాటల కోసం ఎవరూ ఉద్యమం చెయ్యరు.

ఉన్నవేవో చూడండి. 15వ శతాబ్దంలో అరుణగిరినాథర్ రాసిన తిరుప్పుగళ్ పాటల్లో ఛందం మారినకొద్దీ తాళం లెక్క మారుతుంది. మృదంగం నేర్చుకునేవాళ్ళకు ఇప్పటికీ అది గట్టి సాధన. శీర్కాళికి చెందిన ముత్తుత్తాండవర్ పల్లవి, అనుపల్లవి, చరణాలతో కీర్తనలు రాశారు. రామనాటకం రాసిన అరుణాచల కవిరాయర్ 1711లో, మారిముత్తా పిళ్ళై 1712లో పుట్టారు. త్యాగరాజు పుట్టేనాటికి ఇద్దరికీ యాభై దాటింది. పల్లవి చరణాల సంకీర్తనను ఇంత పెద్ద రాశిలో మనకు అందించినవాడు మాత్రం 1408లో పుట్టిన అన్నమయ్యే. ఆయన మనుమడు చిన తిరుమలాచార్యుడు సంకీర్తన లక్షణాన్ని తెలుగులోనే రాశాడు. ఆ పెద్దరికం తెలుగుది. దాన్ని చెప్పుకోవడానికి ముత్తుత్తాండవర్‌ను లేకుండా చెయ్యాల్సిన పని లేదు.

దీనికి ఒక ఎదురు ప్రశ్న వస్తుంది: ఆ తమిళ పాటల అసలు వరుసలు పోయాయి, ఇప్పుడు పాడేవి 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి కదా? చాలా వాటి విషయంలో నిజమే. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ తిరుప్పావైకి రాగాలు కట్టారు. మరి తిరుమల రాగిరేకుల మీద ఏముంది? పాట, దాని రాగం పేరు. స్వరం లేదు. మనం వింటున్న అన్నమయ్య వరుసలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కట్టినవి. ఈ కారణంతో తమిళ పాటను కొట్టేస్తే, అదే కారణంతో అన్నమయ్యనూ కొట్టేయాలి.

“తమిళం పాటకు పనికిరాదు”

అజంత భాష కావడం తెలుగుకు కలిసొచ్చిందన్నది ఒప్పుకోవాల్సిందే. పదం చివర అచ్చు ఉంటే దాని మీద సంగతి (స్వరాల మలుపు) సాగదీయవచ్చు. తమిళంలో హల్లు మీద ముగిసే పదాలు ఎక్కువ. కానీ ఆ చివరి హల్లులు చాలావరకు మ, న, ల, ళ, ర. గాయకుడు ముందున్న అచ్చును సాగదీసి, తాళం దెబ్బ దగ్గర హల్లుతో మూస్తాడు. మకార నకారాలనైతే శ్రుతిలో మోగిస్తూ నిలపవచ్చు కూడా.

అసలు కారణం అచ్చులే అయితే కన్నడం కూడా అజంతమే, అది తంజావూరులో ఎందుకు పైకి రాలేదు? కారణం ఆస్థానం. 1532 నుంచి 1673 వరకు అక్కడ ఏలింది తెలుగు నాయకరాజులు. మొవ్వ నుంచి వెళ్ళిన క్షేత్రయ్య పదాలకు విజయరాఘవ నాయకుడి కొలువులో ఆదరణ దొరికింది. తరవాత వచ్చిన మరాఠా రాజుల ఇంటి భాష మరాఠీ. అయినా షాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు, ఎందుకంటే అప్పటికే ఆ కొలువులో పాటకు తెలుగు అలవాటైన భాష. రాజు ఆదరించిన భాషలో పాట పెరిగింది. తమిళంలో చేవ లేక కాదు.

“మన కీర్తనలు లాక్కున్నారు”

త్యాగరాజ కృతులు నోటినుంచి నోటికి బతికింది ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, వాలాజాపేట శిష్య పరంపరల్లో. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ ఇంటి భాష సౌరాష్ట్రం. దీక్షితుల వంశంలోని సుబ్బరామ దీక్షితులు కృతులను స్వరాలతో రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిని 1904లో తమిళనాట ఎట్టయపురంలో అచ్చు వేయించారు. ఆ మహాగ్రంథం లిపి తెలుగు. లాక్కోదలచినవాళ్ళు మన లిపిలో అచ్చు వెయ్యరు.

తమిళ గాయకుల నోట తెలుగు తప్పుతుందన్న ఫిర్యాదులో కొంత నిజం ఉంది, దానికి కారణమూ ఉంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. సంగీత పుస్తకాల్లో ఆ అక్షరం మీద చిన్న అంకె వేసి తేడా చూపిస్తారు: రెండు వేస్తే ఖ, మూడు వేస్తే గ, నాలుగు వేస్తే ఘ. రాసుకునేటప్పుడు అంకె జారిపోతే ‘గ’ కాస్తా ‘క’ అవుతుంది, శిష్యుడు అలాగే వల్లె వేస్తాడు. దిద్దాల్సింది ఆ పుస్తకాన్ని, మెత్తగా, పక్కన కూర్చుని.

కృష్ణాతీరానికి త్యాగరాజ పాట తిరిగి వచ్చిన దారి కూడా తంజావూరు సీమ నుంచే. త్యాగరాజ శిష్యుడు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణ నేర్చుకున్నారు. బాలమురళి తెలుగు, సంస్కృతాలతో పాటు తమిళంలోనూ కృతులు రాశారు.