మహారాజశ్రీ ఫోబియా గారి సముఖమునకు

అయ్యా,

ఒకవైపు గౌతమి, ఒకవైపు వశిష్ఠ, మూడోవైపు సముద్రం ఉన్న కోనసీమ నుంచి తమకు ఈ విన్నపం రాసుకుంటున్నాను. తమరు ఏ భయం వెనుక తోకగా చేరితే ఆ భయానికి హోదా వస్తుందనీ, తమ తోక లేని భయం ఉత్త పిరికితనంగా మిగిలిపోతుందనీ ఈ మధ్య మా వైపు కూడా అందరికీ తెలిసివచ్చింది. ఇదివరకు బొద్దింకను చూసి మంచమెక్కిన మనిషిని చూస్తే ఇంటిల్లిపాదీ నవ్వేవారు. ఇప్పుడు ఆ మనిషే మంచం మీద నిలబడి, ఫోను తీసి, తనకున్నది కట్సరిడాఫోబియా అని చదివి వినిపిస్తే, కింద చెప్పు కోసం వెతుకుతున్నవారు వెతకడం మాని నోరు తెరుచుకుని వింటున్నారు. బొద్దింక ఈలోగా గ్యాసు బండ వెనక్కి వెళ్లిపోతోంది.

తమ వంశం గొప్పదని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. గ్రీకుల యుద్ధదేవుడు ఏరీస్‌కూ ప్రేమదేవత ఆఫ్రొడైటీకీ పుట్టిన ఫోబోస్ తమకు మూలపురుషుడు. ఆయన సోదరుడు డైమోస్. 1877లో ఆసాఫ్ హాల్ అనే అమెరికా ఖగోళ శాస్త్రవేత్త అంగారకుడి చుట్టూ తిరిగే రెండు చంద్రులను కనిపెడితే, వాటికి ఆ అన్నదమ్ముల పేర్లే పెట్టారు. మా పెళ్లి సంబంధాల్లో కుజుడు ఇప్పటికే చాలినంత భయం పెడుతున్నాడు. ఆయన చుట్టూ భయం అనే పేరు పెట్టుకుని ఒక చంద్రుడు కూడా తిరుగుతున్నాడని మా పురోహితులకు ఇంకా తెలియదు కనుక, తమరు దయచేసి ఆ సంగతి బయటపెట్టవద్దు.

వైద్యంలోకి తమరు అడుగుపెట్టిన తొలిరోజుల్లో పద్ధతిగానే నడుచుకున్నారు. 1871లో బెర్లిన్‌లో కార్ల్ వెస్ట్‌ఫాల్ అనే వైద్యుడు, విశాలమైన కూడలిని దాటబోతే కాళ్లు ఆడక నిలిచిపోయే మనుషులను పరీక్షించి, వారి బాధకు అగొరాఫోబియా అని పేరు పెట్టాడు. 1879లో బెంజమిన్ బాల్ అనే మరో వైద్యుడు, తలుపులు మూసిన గదిలో ఉండలేనివారి అవస్థకు క్లాస్ట్రోఫోబియా అన్నాడు. వారిద్దరూ ముందు రోగిని చూశారు, తరువాత పేరు పెట్టారు. ఆ తరువాత వచ్చినవారు నిఘంటువు ముందు పెట్టుకుని పేర్లు తయారుచేసి, రోగులు రాకపోతారా అని ఎదురుచూడడం మొదలుపెట్టారు. గుండీలంటే భయానికి ఒక పేరు, పదమూడో అంకె అంటే భయానికి ఒక పేరు, ఆ పదమూడో తేదీ శుక్రవారం నాడు పడితే మళ్లీ వేరే పేరు. పొడుగు మాటలంటే భయపడేవారి కోసం ఎవరో సరదాకి కట్టిన పేరు ఎంత పొడుగంటే, మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఓపీ చీటీ మీద అది రెండు వరుసలకు తక్కువ పట్టదు, పాపం ఆ రోగి దానిని చదువుకోవాలి. 2008లో బ్రిటన్ వారు సెల్‌ఫోను దగ్గర లేకపోతే కలిగే కంగారుకు నోమోఫోబియా అని పేరు కట్టి, ‘నో మొబైల్’ అనే శుద్ధ ఇంగ్లీషుకు సైతం తమ గ్రీకు తోకను అతికించారు. తమరు అప్పుడైనా అడ్డు చెప్పి ఉండవలసింది.

కార్తీకమాసంలో నాగుల చవితికి తమరు ఒకసారి మా ఊరు దయచేయాలి. తెల్లవారకుండానే తలస్నానాలు చేసి, చెంబులో ఆవుపాలు, పళ్లెంలో చలిమిడీ చిమ్మిలీ పట్టుకుని, కొబ్బరితోటలో గట్టు వారనున్న పుట్ట దగ్గరికి అందరం చెప్పులు లేకుండా వెళతాం. తమరు ఒఫిడియోఫోబియా అనే పాముల భయం అక్కడ నిలబడ్డ ప్రతివారికీ ఉంటుంది. పాలు పోసే చెయ్యి ఎంత సాగితే అంత ముందుకు చాపి, మిగిలిన ఒళ్లు ఎంత వీలైతే అంత వెనక్కి ఉంచి, పోయడం కాగానే చెంబు చటుక్కున లాక్కునే పద్ధతి చూస్తే తమకే తెలుస్తుంది. ఆపైన ప్రసాదం పెడతారు. చలిమిడి ముద్ద పోయి అంగిట్లో అతుక్కుంటుంది, నాలుకతో ఎంత తోసినా ఊడిరాదు, పెద్దలు పలకరిస్తే మాట పెగలదు. వేరుశనగ వెన్న అంగిటికి అతుక్కుంటుందన్న భయానికి తమ పట్టికలో అరాకిబ్యుటైరోఫోబియా అనే పేరు ఉన్నదని చదివి, ఆనాటి నా అవస్థకు ఇంత గౌరవం దక్కవలసి ఉండెనా అని ఆశ్చర్యపోయాను. తమ పేర్లు రెండింటికి ఒకే పుట్ట దగ్గర, ఒకే పూటలో అర్హత సంపాదించిన జనం, ఆ తరువాత ఇంటికి వెళ్లి శుభ్రంగా భోజనం చేస్తారు.

అత్తగారంటే భయానికి పెంథెరాఫోబియా అన్నారట. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడి ముందు వంద రకాలు పైబడి వడ్డించి, ఒక్కటి కూడా వదలకూడదని ఎదురుగా నిలబడే మా గోదావరి జిల్లాల అత్తగార్లను తలచుకుంటే ఈ ఒక్క పేరు విషయంలో తమతో తగవు పెట్టుకోలేను. చిల్లుల గుంపును చూస్తే ఒళ్లు జలదరించే ట్రైపోఫోబియా సంగతి వేరు. అది 2005లో ఇంటర్నెట్టులో పుట్టిన పేరు, వైద్యుల ప్రమాణాల్లో నేటికీ దానికి ప్రత్యేకంగా చోటు లేదు. మా వీధిలో ఇంజనీరింగు చదివే కుర్రవాడు ఒకడు ఆ పేరు విన్న నాటి నుంచి అట్టు ముట్టడం మానేశాడు. గారెలు మాత్రం తింటున్నాడు. అదేమిటయ్యా అంటే, ఒక్క చిల్లు లెక్కలోకి రాదని చెబుతున్నాడు.

మా పెద్దలు భయాలకు పేర్లు పెట్టలేదని తమరు చిన్నచూపు చూడవద్దు. వారిది తమ పద్ధతికి సరిగ్గా తలకిందులు. చీకటి పడ్డాక పాము అనకూడదు, పురుగు అనాలి. కరిచిందని అనకూడదు, ముట్టిందనాలి. మసూచి సోకితే అమ్మవారు పోసిందనేవారు. అదే గొప్ప పద్ధతి అని నేను వాదించబోవడం లేదు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరిస్తే నొప్పి, వాపు దాదాపుగా ఉండవు. ఏదో పురుగు ముట్టిందనుకుని అటు తిరిగి పడుకున్న మనిషికి, తెల్లవారేసరికి రెప్పలు వాలిపోయి, మాట ముద్దపడి, ఊపిరి అందకుండా పోతుంది. అక్కడ పాము అని గట్టిగా అరిచి, వెంటనే ఆసుపత్రికి బయలుదేరదీసినవాడే ఆప్తుడు.

ఉరుముల విషయంలో మాత్రం మా పేర్ల ముందు తమ పేర్లు దిగదుడుపే. ఉరుములంటే భయాన్ని తమరు ఆస్ట్రాఫోబియా అని ఊరుకున్నారు. మా పిల్లలు మెరుపు మెరవగానే చెవులు మూసుకుని అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి అంటూ ఊపిరి తిప్పుకోకుండా అర్జునుడి పేర్లు చదువుతారు. కౌరవసేనను చూసి రథం దిగి పారిపోతున్న ఉత్తరకుమారుడిని పట్టుకుని, జమ్మిచెట్టు దగ్గరికి తీసుకువచ్చి, అర్జునుడు తన పది పేర్లనూ వాటి కారణాలతో సహా చెప్పాకే గదా ఆ పిల్లవాడి వణుకు తగ్గింది. మా దగ్గర పేర్ల పట్టిక భయపడ్డవాడి చేతికి ఆసరాగా ఇచ్చినది. తమ పట్టిక భయపడ్డవాడి మెడలో బిళ్లగా వేలాడుతోంది. పిడుగు పడకుండా ఆపే శక్తి రెండింటికీ లేదు కనుక, చదివేవాడు చెట్టు కింద నిలబడకుండా ఇంట్లో కూర్చుని చదవడం మంచిది.

ఇక వరదల సంగతి. వరద భయానికి ఆంట్లోఫోబియా అనీ, తుఫాను భయానికి లిలాప్సోఫోబియా అనీ తమ పట్టికలో ఉన్నాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఎగరవేస్తారు. లంకల్లో ఉండేవారి భయం ఈ అంకెలను పట్టుకునే నడుస్తుంది. మొదటి హెచ్చరికకు గొడ్లను గట్టెక్కిస్తారు, రెండోదానికి బియ్యం అటక ఎక్కుతాయి, మూడోదానికి మనుషులు పడవ ఎక్కుతారు. 1986 ఆగస్టు వరద చూసినవారూ, 1996 నవంబరు 6 రాత్రి కొబ్బరిచెట్లు మొదలంటా కూలుతుంటే చీకట్లో విన్నవారూ మా మధ్య ఇంకా ఉన్నారు. వరి కోతకు వచ్చిన వేళ బంగాళాఖాతంలో వాయుగుండం అని వినగానే వారి గుండె జారితే దానిని గ్రీకులో పిలవనవసరం లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారమైనా, అసలు ప్రమాదానికి మించిన భయమై ఉండాలి, సాధారణంగా ఆరునెలలో అంతకు మించో సాగాలి, మనిషి రోజువారీ బతుకును చెడగొట్టాలి, అప్పుడు గానీ అది రోగం కాదు. తమ వందల పేర్లను ఆ వైద్యులు పట్టించుకోనేలేదు. జంతువులు, ప్రకృతి, రక్తమూ ఇంజక్షనూ గాయమూ, సందర్భాలు, ఇతరాలు అని ఐదు తరగతులు చేసి దాదాపు అన్నిటినీ అందులో సర్దేశారు.

ఆ కొలతకు నిజంగా తూగేవారు కూడా మా మధ్య ఉన్నారు. తమ మీద నా అసలు ఫిర్యాదు వారి తరఫున. మా పిన్నిగారు యెదుర్లంక వంతెన మీదుగా యానాం వెళ్లలేరు. ఆ వంతెన 2002లో తెరిచారు. అంతకుముందు ఆవిడ పంటు మీద, మోటారు సైకిళ్ల మధ్య, జామకాయ కొరుక్కుంటూ అదే గౌతమిని నిశ్చింతగా దాటేవారు. నీరు పక్కన ఉంటే భయం లేదు, నీరు కింద, అంత లోతున ఉంటేనే భయం. బస్సు వంతెన ఎక్కుతుండగానే ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, అయిపోయిందా అయిపోయిందా అని పక్కవారిని అడిగేవారు. దిగేసరికి చీర కొంగుతో అరచేతులు తుడుచుకునేవారు. అయినా వెళ్లేవారు. ఒకరోజు మా చుట్టాల అబ్బాయి ఫోనులో వెతికి, దీనిని గెఫిరోఫోబియా అంటారు పిన్నీ అని చెప్పాడు. ఆ మరునాటి నుంచి ఆవిడ యానాం ప్రయాణం మానుకున్నారు. ఎవరు పిలిచినా, నాకు జబ్బు ఉన్నదట, ఫోనులో పేరు కూడా ఉంది అని చెబుతున్నారు.

తప్పించుకున్నకొద్దీ భయం ముదురుతుందన్నది ఈ రోగం గురించి వైద్యులకు బాగా తెలిసిన సంగతి. తప్పించుకున్న ప్రతిసారీ కలిగే ఉపశమనమే భయాన్ని మేపుతుంది. తమ పేరు ఆవిడకు తప్పించుకునే హక్కుపత్రంగా పనిచేసింది. మరి వైద్యానికి గ్రీకు అక్కరలేదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి జరుపుతూ ఆ భయాన్ని పోగొట్టింది. మా కాలవ రేవుల్లో ఈత నేర్పేవారు చేసేది కూడా అదే. పిల్లవాడి నడుముకు రెండు ఎండు కొబ్బరికాయలు కట్టి, ముందు మోకాలి లోతు మెట్టు, తరువాత నడుం లోతు మెట్టు, ఆ తరువాత గానీ లోతు కాదు. ఒక్కసారిగా నీళ్లలోకి తోసేసి నవ్వే మేనమామలు కూడా ఉన్నారు. వారి చేతిలో పడ్డవారిలో కొందరు ఇప్పటికీ చెంబు స్నానమే చేస్తున్నారు. పిన్నిగారు ప్రస్తుతం కాకినాడలో ఒక వైద్యురాలి సలహా మీద, సాయంత్రం పూట వంతెన మొదటి దీపస్తంభం దాకా నడిచి, గుండెదడ తగ్గేదాకా అక్కడే నిలబడి వస్తున్నారు. రెండో స్తంభం మాట ఎత్తితే మాత్రం ఇంకా కోపం వస్తోంది.

మరో రెండు చోట్ల తమ పేరు అచ్చంగా అపాయం. రక్తం చూస్తే పడిపోయేవారిని కూడా తమరు అదే తోకతో కట్టేశారు. తక్కిన భయాల్లో గుండె వేగం పెరిగి అలాగే ఉంటుంది. ఇందులో చాలామందికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి. అందుచేత వారికి ఒళ్లు వదులు చేసుకోమని చెప్పడం తప్పు, చేతులూ తొడలూ బిగించమని చెప్పాలి. ఇక హైడ్రోఫోబియా భయం కానే కాదు. అది పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే రేబిస్‌లో, నీరు మింగబోతే గొంతు కండరాలు బిగుసుకునే లక్షణం. అది కనబడ్డాక బతికేవారు దాదాపుగా ఉండరు. పాశ్చర్ 1885లో టీకా కనిపెట్టినది కాటు పడగానే వేయడానికి. నీళ్లంటే భయం అనే పేరు విని, కౌన్సెలింగు ఇప్పిస్తే పోతుందనుకునే చదువుకున్నవారు మా పట్టణాల్లో ఉన్నారంటే ఆ పాపంలో తమకూ వాటా ఉంది.

కనుక మనవి ఏమనగా: చలిమిడి మీద నుంచీ, గుండీల మీద నుంచీ, అట్టు మీద నుంచీ తమరు తక్షణం తప్పుకోవాలి. రేబిస్‌కు తమ పేరు పూర్తిగా ఉపసంహరించుకోవాలి. మా పిన్నిగారి విషయంలో, ఆవిడ అడిగితే తప్ప నోరు విప్పకూడదు. అత్తగార్ల సంగతి సంక్రాంతి వెళ్లాక మాట్లాడుకుందాం.

జవాబు రాసేటట్టయితే కొంత వ్యవధి తీసుకోగలరు. మా వీధికి ఉత్తరాలు తెచ్చే ఆయనకు కుక్కలంటే భయం. దానిని సైనోఫోబియా అంటారని నేను చెప్పబోతే, ఆయన సైకిలు స్టాండు వేసి, ప్యాంటు పైకి మడిచి, మడమ మీది పంటిగాట్లు చూపించారు. ఆయనకు ఇంకా రెండు ఇంజక్షన్లు మిగిలి ఉన్నాయట. అవి పూర్తయ్యేదాకా తమ ఉత్తరాన్ని అమలాపురం పోస్టాఫీసులోనే ఉంచమని చెప్పాను.

ఇట్లు,
తమ పట్టికలో ఇంకా పేరు నమోదు కాని
ఒక కోనసీమ వాస్తవ్యుడు