కంచె బయటి చెట్టూ కేబీఆర్ పార్కుదే

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ తెల్లవారకముందే నడక మొదలవుతుంది. షుగర్ ఉందని డాక్టరు మందలిస్తే వచ్చినవారు, రిటైరయ్యాక ఇక్కడే కొత్త స్నేహాలు కలుపుకున్నవారు, టికెట్ లేని బయటి బాటలోనే రోజూ నడిచేవారు. కంచె అవతల నెమలి కూస్తే ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నవారు కూడా ఒక్క క్షణం ఆగి అటు చూస్తారు. వేప, కానుగ చెట్ల కింద ఆ గంటసేపు గడిపాకే చాలామందికి రోజు మొదలైనట్టు.

నిజాం వారసుడి చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న ఈ రాళ్లగుట్టల అడవిని 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 350 ఎకరాలకు పైనే. జూబ్లీహిల్స్ ఒకప్పుడు ఎలా ఉండేదో మన పిల్లలకు చూపించాలంటే దాదాపుగా మిగిలింది ఇదే.

గండం ఎప్పుడూ కంచె బయటి నుంచే వస్తోంది. 2016లో ఎస్ఆర్‌డీపీ అనే ప్రభుత్వ రోడ్ల పథకం కింద ఫ్లైఓవర్ల కోసం పార్కు చుట్టూ ఉన్న చెట్లను కొట్టేస్తారని తెలిసి వాకర్లు రోడ్డెక్కారు, చెట్లను వాటేసుకున్నారు. వ్యవహారం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. 2020లో కేంద్రం పార్కు చుట్టూ నిర్మాణాలపై ఆంక్షలుండే పర్యావరణ రక్షిత ప్రాంతాన్ని కొన్నిచోట్ల మూడు మీటర్లకు కుదించింది. మూడు మీటర్లంటే ఒక కారు పొడవైనా కాదు! ఇప్పుడు హెచ్-సిటీ అనే కొత్త రోడ్ల పథకం పేరుతో పార్కు చుట్టూ ఉన్న అవే కూడళ్లలో మళ్లీ ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు అంటున్నారు.

పార్కు పక్కనున్న జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు కూడలి దగ్గర సాయంత్రం ఇరుక్కుపోయేవారి టెన్షన్ మాకూ తెలుసు. ట్రాఫిక్‌కు పరిష్కారం కావాల్సిందే. కానీ చెట్లను వేరేచోట నాటుతామన్న హామీతో మాత్రం మేము ఏకీభవించలేం. ముదిరిన చెట్టును తవ్వి తీస్తే వేళ్లలో చాలా భాగం తెగిపోతుంది. అది అక్కడ బతికి బట్టకట్టినా, దాని నీడలో నడిచిన మనిషికి, దాని మీద వాలిన పిట్టకు ఇక్కడ ఏం మిగులుతుంది?

ఏ చెట్టుకు గొడ్డలి గుర్తు పడిందో, ఎందుకో, దాన్ని తప్పించే దారి ఏమిటో ఒక్కొక్కటిగా రాసి పార్కు గేటు దగ్గర తెలుగులో, ఉర్దూలో పెట్టాలి. అభ్యంతరాలు వినడానికి అధికారులు కాన్ఫరెన్స్ హాలు వెతుక్కోనక్కర్లేదు, ఉదయం ఆరింటికి ఆ గేటు దగ్గరికే రావాలి. ఆ విచారణ పూర్తయ్యేదాకా ఒక్క కొమ్మను కూడా తాకకూడదు.