సంచి వెతికారు, జేబు వెతకలేదు

2023 జనవరి 6. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, న్యూపోర్ట్ న్యూస్‌లోని రిచ్‌నెక్ ఎలిమెంటరీ స్కూల్. ఒకటో తరగతి పిల్లాడి దగ్గర తుపాకీ ఉందని తోటి పిల్లలు చెప్పారు. సిబ్బంది వాడి సంచి వెతికితే ఏమీ దొరకలేదు. ఆటల వేళ తుపాకీ చూపించాడని ఇంకో పిల్లాడు ఏడుస్తూ చెప్పాడు. ఒంటిమీద కూడా సోదా చేస్తానని కౌన్సెలర్ అడిగితే, వాళ్లమ్మ కాసేపట్లో వచ్చి తీసుకెళ్తుంది, ఆగమని అసిస్టెంట్ ప్రిన్సిపాల్ అన్నారు. రెండు గంటలవుతుండగా ఆ ఆరేళ్ల పిల్లాడు జేబులోంచి తుపాకీ తీసి టీచర్‌ను కాల్చాడు. తూటా ఆమె చేతిని చీల్చుకుని ఛాతీలోకి దూసుకెళ్లింది. ఆ గాయంతోనే ఆమె మిగతా పిల్లల్ని గదిలోంచి బయటికి పంపింది.

ఆ తుపాకీ ఇంట్లో అలమరా మీద, తల్లి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండేది. పిల్లాడు సొరుగు మీద కాలు పెట్టి ఎక్కి అందుకున్నాడు.

2025 నవంబరులో జ్యూరీ ఆ అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌ది తీవ్ర నిర్లక్ష్యమని తేల్చి, టీచర్‌కు కోటి డాలర్ల పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఈ తీర్పును మేం మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. 1994 నాటి ఫెడరల్ చట్టం వల్ల బడికి తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాది పాటు బయటికి పంపాలన్న నియమం వచ్చింది. పిల్లాడు తప్పు చేస్తే ఏం చేయాలో అలా రాసిపెట్టారు. విని ఊరుకున్న పెద్దలు ఎవరికి జవాబు చెప్పాలో తేలడానికి మాత్రం ఒక టీచర్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

చదువు గురించి, పిల్లల గురించి మాట్లాడే హోదా ఉన్నవాళ్లంతా ఈ లెక్కలోకి రావాలి. బెట్సీ డివోస్ ఏళ్ల తరబడి విద్యా సంస్కరణల ఉద్యమకారిణిగా ఉండి, 2017లో విద్యాశాఖ మంత్రి అయ్యారు. కేంద్రం ఇచ్చే విద్యా నిధులతో బడులు తుపాకులు కొనొచ్చా అన్న ప్రశ్న 2018లో వస్తే, తాను ఏ చర్యా తీసుకోనని చెప్పి తప్పుకున్నారు. అప్పటికి ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూల్లో కాల్పులకు 17 మంది చనిపోయి ఆరు నెలలైంది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు కుదరదని చెప్పి తీరాల్సింది.

టెనసీది ఇంకా దారుణం. అక్కడి నాష్‌విల్‌లోని ఓ బడిలో 2023 మార్చిలో కాల్పులకు ముగ్గురు తొమ్మిదేళ్ల పిల్లలు, ముగ్గురు సిబ్బంది బలైతే, మరుసటి ఏడాది టీచర్లే తుపాకీ పెట్టుకోవచ్చని చట్టం చేశారు. ఏ టీచర్ దగ్గర తుపాకీ ఉందో తల్లిదండ్రులకు చెప్పరు. తన బిడ్డ కూర్చున్న గదిలో తుపాకీ ఉందో లేదో అమ్మకు తెలియకూడదా? టెక్సస్‌లోని యువాల్డీలో 2022లో బడిలో కాల్పులు జరిగినప్పుడు దాదాపు నాలుగు వందల మంది సాయుధులైన పోలీసులు వచ్చి కూడా హంతకుడి దాకా వెళ్లడానికి 77 నిమిషాలు పట్టింది. శిక్షణ పొందినవాళ్లకే సాధ్యం కానిది లెక్కల టీచర్ చేస్తుందని ఎలా నమ్మమంటారు?

తుపాకీ బడికి చేరే దారి తెలియనిదేమీ కాదు. బడుల్లో దాడులపై అమెరికా అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్ 2019లో ఇచ్చిన నివేదికలో, తుపాకీతో దాడి చేసినవాళ్లలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది దాన్ని తల్లిదండ్రుల ఇంటి నుంచో దగ్గరి బంధువుల ఇంటి నుంచో తెచ్చుకున్నారని తేలింది. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్ కాల్పుల కేసులో 2024లో నిందితుడి తల్లికీ తండ్రికీ పదేళ్లకు తగ్గకుండా జైలుశిక్ష పడింది. కాల్పులు జరిగిన రోజు పొద్దున్నే వాళ్లను బడికి పిలిపించారు, కొడుకు గీసిన తుపాకీ బొమ్మ చూపించారు. అయినా పిల్లాడు క్లాసుకే వెళ్లాడు, అతడి సంచి ఎవరూ తెరవలేదు.

డాలస్, అట్లాంటా శివార్లలో మన పిల్లలూ లాక్‌డౌన్ డ్రిల్, అంటే కాల్పులు జరిగితే ఎలా దాక్కోవాలో సాధన, చేస్తున్నారు. లైటు ఆర్పి, గోడ పక్కన నోరెత్తకుండా కూర్చోవడం నేర్చుకుంటున్నారు. పుట్టినరోజు పార్టీకి పంపేటప్పుడు మా వాడు బీఫ్ తినడని ముందే చెప్పే మనం, ఇంట్లో గన్ ఉందా, తాళం వేసి ఉంటుందా అని అడగడానికి మొహమాటపడుతున్నాం. మొహమాటం వదిలి అడగాలి. స్కూల్ బోర్డు సమావేశాల్లో మాట్లాడటానికి సాధారణంగా తల్లిదండ్రులకూ సమయం ఇస్తారు, ఓటు లేకపోయినా సరే. అక్కడ నిలబడి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఒక పిల్లాడి దగ్గర తుపాకీ ఉందని ఇంకో పిల్లాడు వచ్చి చెబితే, మా బడిలో ఆ క్షణంలో ఎవరు ఏం చేస్తారు?