‘పైసలు కట్టయినయి, అటు పోలేదు’: స్లైడ్లలో మాయమయ్యే మాట

వాడుకరుల పరిశోధన, అంటే యాప్ వాడేవారిని కలిసి వారి అనుభవం తెలుసుకోవడం, అవసరమా అన్న చర్చ మన ఐటీ సంస్థల్లో ఎప్పుడో ముగిసింది. ఊళ్లు తిరిగి సేకరించిన సంగతులు డిజైనర్ల దాకా చేరేసరికి ఏమవుతున్నాయన్నదే ఇప్పుడు అడగవలసిన ప్రశ్న. వాటిలోని పస దారిలోనే ఆవిరవుతోందని, ఆ తప్పు చాలావరకు నివేదిక రాసే మాలాంటి వారిదేనని నా అభిప్రాయం.

కొన్నాళ్ల కిందట ఒక చెల్లింపుల యాప్ పని మీద ఖమ్మం జిల్లాలోని ఒక కిరాణా దుకాణంలో కూర్చున్నాను. 140 రూపాయల సరుకు కట్టించుకున్న ఒక పెద్దాయన ఫోన్ తెర వైపు చూసి, ‘పైసలు కట్టయినయి గానీ అటు పోలేదు’ అన్నాడు. దుకాణదారు ‘వచ్చినయ్’ అనేదాకా సంచీ ఎత్తుకోకుండా అక్కడే నిలబడ్డాడు. తన ఖాతాలో సొమ్ము తగ్గడం, ఎదుటి ఖాతాకు చేరడం రెండు వేర్వేరు ఘట్టాలని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. వారం తిరిగేసరికి మా స్లైడ్లలో అది ‘పేమెంట్ యాంగ్జైటీ’గా మారింది. ఆందోళన అన్నారు కదా అని డిజైనర్లు మెత్తని రంగొకటి, ఊరడింపు వాక్యమొకటి చేర్చారు. ఆయనకు కావలసిందల్లా సొమ్ము ఎక్కడ ఆగిందో, ఎప్పటికి తిరిగొస్తుందో తెలియడం. యూపీఐలో దుకాణానికి కట్టిన సొమ్ము ఇలా మధ్యలో ఆగితే 5 రోజుల్లోగా వెనక్కి జమ చేయాలని, ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. మా తెర మీద మాత్రం ఆ గడువు ఊసే లేదు.

నివేదికకు బదులు దృశ్యాన్నే చూపితే ఏమవుతుందో చెప్పే పాత ఉదాహరణ ఒకటుంది. 1980ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలోని జెరాక్స్ సంస్థ వారి పార్క్ (PARC) పరిశోధనశాలలో మానవశాస్త్రవేత్త లూసీ సచ్‌మన్ ఫొటోకాపీ యంత్రం ముందు మనుషులు పడే పాట్లను వీడియో తీశారు. కాగితానికి రెండు వైపులా ప్రతులు తీయలేక తంటాలు పడిన వారిలో కంప్యూటర్ రంగంలో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు గ్రహీత అలెన్ న్యూయెల్ కూడా ఉన్నారు. వాడేవారికి తెలివి చాలదని తప్పించుకునే దారిని ఆ దృశ్యం మూసేసింది. ఎంత మంచి నివేదికకైనా అది సాధ్యమయ్యే పని కాదు.

ఒక్క మనిషి వీడియోకు బృందం కొట్టుకుపోతుందని, అంకెలే శరణ్యమని కొందరంటారు. ఆ భయంలో కొంత నిజముంది. అయితే ఎంతమంది ఆగిపోయారో చెప్పే అంకె, ఎందుకు ఆగారో చెప్పలేదు.

అసలు చిక్కు భాష దగ్గరుంది. ముఖాముఖి తెలుగులో జరుగుతుంది, గమనికలు ఇంగ్లీషులో పడతాయి, చర్చంతా ఇంగ్లీషులోనే నడుస్తుంది, చివరికి తెర మీది వాక్యాన్ని ఎవరో అనువాదకుడు మళ్లీ తెలుగులోకి తెస్తాడు. అలా పుట్టిందే ‘మీ లావాదేవీ ప్రక్రియలో ఉంది’ అనే వాక్యం. ‘మీ ఖాతాలో కట్టయ్యాయి, అటు ఇంకా చేరలేదు’ అనే వాక్యాన్ని పెద్దాయన మాకు ఉచితంగానే ఇచ్చాడు. మా బృందంలో సగం మంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. అయినా పెద్దాయన మాటల పన్నెండు సెకన్ల రికార్డింగును వారిలో ఒక్కరూ వినలేదు; వినండని స్లైడ్లలో నేనూ ఎక్కడా రాయలేదు.