ట్విన్ షేరింగ్ గారికి ఒక ఒంటికాయ సొంఠికొమ్ము రాసుకున్న లేఖ

మహారాజశ్రీ ట్విన్ షేరింగ్ గారి సముఖమునకు,

విశాఖపట్నం నుంచి వ్రాయునది ఏమనగా, మేము ఇక్కడ క్షేమం. మేము అంటే నేనూ నా సూట్‌కేసూ. తమరు కూడా క్షేమంగానే ఉన్నారని తెలుసు. ప్రతి టూర్ ప్రకటన అడుగునా, చుక్క గుర్తు వెనక, కళ్ళజోడు పెట్టుకున్నా కనిపించని అక్షరాల్లో హాయిగా కాపురం ఉంటున్నారు కదా.

నిన్న ఆదివారం మధ్యాహ్నం అంతా తమరి సేవకే అర్పించాను. భోజనం చేసి ఫోను పట్టుకుని కూర్చున్నదాన్ని, లేచేసరికి వీధి దీపాలు వెలిగాయి. "అండమాన్, నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు, మనిషికి కేవలం 21,999" అని ప్రకటన. మనిషికి అన్నారు, నేనూ మనిషినే కదా అన్న ధైర్యంతో ఫోన్ చేశాను. అవతల అబ్బాయి మహా మర్యాదస్తుడు. ఎంతమంది మేడం అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. లైను కట్టయిందేమో అని చూసుకునేంత సేపు నిశ్శబ్దం. ఆ తర్వాత మెల్లగా, "ఒక్కరే అంటే... మీరూ సారూనా మేడం?"

సారు లేరు నాయనా, ఉన్నా రారు అని చెప్పాను.

అప్పుడు బయటికొచ్చింది తమరి పేరు. ఆ 21,999 ట్విన్ షేరింగ్ మీదట, అంటే ఇద్దరు ఒకే గది పంచుకుంటేనే ఆ రేటట. సింగిల్ అయితే 37,500. విమానం టిక్కెట్టు వేరే.

బ్యాంకులో పనిచేస్తాను కాబట్టి అంకెలు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఇద్దరం వెళ్తే మొత్తం 43,998. ఒక్కదాన్నే వెళ్తే 37,500. తేడా 6,498. అంటే ఇంకో నిండు మనిషిని నాలుగు రాత్రులు పడుకోబెట్టి, పొద్దున్నే పూరీలు పెట్టి, పడవెక్కించి స్వరాజ్ ద్వీప్ తిప్పి తీసుకురావడానికి తమరికి కావలసింది ఆరున్నర వేలు. రెండో మనిషి ఇంత చవగ్గా వస్తుంటే మొదటి మనిషి ఎందుకింత పిరమయ్యింది? ఇదే మాట అడిగితే ఆ అబ్బాయి నాకే ఉపాయం చెప్పాడు. "ఎవరినైనా తోడు తెచ్చుకోండి మేడం, అక్కయ్యనో ఫ్రెండ్‌నో. ఆరున్నర వేలే కదా ఎక్కువ." ఆరున్నర వేలకి అక్కయ్య!

న్యాయంగానే మాట్లాడుకుందాం. గది గదే. ఒకరున్నా ఇద్దరున్నా ఏసీ ఒకటే తిరుగుతుంది. హోటలువాడు గదికి అద్దె తీసుకుంటాడు, తలకి కాదు. కారూ అంతే. బారాటాంగ్ గుహలకి వెళ్ళాలంటే తెల్లవారకముందే బయల్దేరి జిర్కాటాంగ్ దగ్గర కాన్వాయ్‌లో నిలబడాలి. జారవా గిరిజనుల అడవి గుండా మధ్యలో ఎక్కడా ఆగకుండా పోవాలి. వెనక సీట్లో ఎంతమంది ఉన్నారో చూసి ఇంజను డీజిల్ తాగదు. ఈ రెండు ఖర్చులూ పూర్తిగా నావే, ఒప్పుకుంటున్నాను. మరి మిగతావి? స్వరాజ్ ద్వీప్ పడవకి సీటు లెక్క. రాస్ ఐలాండ్, నార్త్ బే వెళ్ళాలంటే అబర్డీన్ జెట్టీ దగ్గర తలకో టిక్కెట్టు. సెల్యులర్ జైల్లో రాత్రి లైట్ అండ్ సౌండ్ షోకి తలకో టిక్కెట్టు. నాకున్నది ఒకటే తల. పక్క సీటు ఖాళీగా ఉంది కదా అని బస్సు కండక్టరు నాకు రెండు టిక్కెట్లు కొట్టడు. దేనికెంత పడిందో విడగొట్టి చెప్పమని అడిగాను. "ప్యాకేజీ మేడం, బ్రేకప్ ఉండదు" అన్నాడు.

సరే, ఆ రెండోవారి డబ్బు నేనే కడుతున్నాను కాబట్టి రెండోవారి టిఫిను కూడా నాకే పెట్టిస్తారా అని అడిగాను. నవ్వాడు. టిఫిన్ ఒక్కరికే మేడం. వెల్‌కమ్ డ్రింకు? ఒకటే మేడం. మరి నాకు ఎక్కువగా వచ్చేదేమిటి? కాస్త ఆలోచించి, "రూమ్‌లో రెండు టవల్స్ ఉంటాయి మేడం, రెండూ వాడుకోవచ్చు" అన్నాడు.

37,500లోంచి 21,999 తీసేస్తే 15,501. పదిహేను వేల అయిదు వందల ఒక్క రూపాయికి ఒక తువ్వాలు. ఆ చివరి ఒక్క రూపాయి చూసి, నా పేరు మీద ఎవరికో చదివింపులు చదివించేశారేమో అనుకున్నాను.

అప్పట్నుంచీ నా ధ్యాసంతా ఆ రెండోవారి మీదే. రాత్రి నిద్ర పట్టక ఆయన గురించే ఆలోచించాను. గురక పెట్టరు. ఫ్యాను తగ్గించమనరు. నేను కిటికీ పక్కన కూర్చుంటానంటే మూతి ముడవరు. గుడ్డు తినరు, పూరీ తినరు, కాఫీలో చక్కెర ఎక్కువైందనరు. గుణం చూస్తే బంగారం, మా బ్రాంచిలో ఇలాంటివారు ఒకరిద్దరున్నా నేను ముందే ఇంటికి పోదును. కాకపోతే దమ్మిడీ సంపాదన లేదు, ఖర్చంతా నా నెత్తిన.

ఈ అదృశ్య పురుషుడితో హనీమూన్‌కి కూడా పంపబోయారు తమరి వాళ్ళు. ఆ ప్యాకేజీ అయితే మంచి రేటుందట. పూల మంచం, కేకు, ఇసుకలో కొవ్వొత్తుల భోజనం. ఒక్కదాన్నే బాబూ అని మళ్ళీ చెప్పాను. "కేక్ ఫ్రీ మేడం" అన్నాడు.

తమరి బంధువర్గం కూడా తక్కువదేం కాదు. ఏ బుకింగ్ యాప్ తెరిచినా, నేను నోరు విప్పకముందే "పెద్దలు: 2" అని తనే రాసుకుంటుంది. దాన్ని ఒకటి చేస్తే ధరలో రూపాయి కదలదు. కొన్ని పుణ్యక్షేత్రాల్లో ఒంటరి మనిషికి గదే ఇవ్వరు. దేవుడి దగ్గరికి కూడా సాక్షిని వెంటబెట్టుకుని పోవాలి. ఇంట్లో చెప్తే మా వదిన, "ఒక్కదానివే వెళ్ళి ఏం చేస్తావే?" అంది. ఏం చేస్తాను, సముద్రం చూస్తాను. ముగ్గురు కలిసి బయల్దేరితే పని కాదని మా అమ్మమ్మ అనేది. ఒక్కరు బయల్దేరితే ఎంత అవుతుందో పాపం ఆవిడకి తెలియదు.

తమరి అబ్బాయి పంపిన కార్యక్రమం కూడా చదివాను. డిసెంబరులో, మూడో రోజు, చిడియా టాపులో సాయంత్రం ఆరింటికి సూర్యాస్తమయ దర్శనం. అండమాన్ మనకి ఎంతో తూర్పున ఉండి కూడా గడియారం మాత్రం మనదే వాడుతుంది కాబట్టి, డిసెంబరులో అక్కడ అయిదు దాటేసరికి సూర్యుడు మునిగిపోతాడు. ఆరింటికి చూపించేది చీకటి. అది కూడా ట్విన్ షేరింగ్ మీదటేనా అండీ?

పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. అంతకు ముందు 2018లోనే హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉండే కొబ్బరిచెట్లూ లైట్‌హౌసూ కనిపించే కొండ, మౌంట్ హారియట్, 2021లో మౌంట్ మణిపూర్ అయింది. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు. డేటా అంత దూరం తోడు లేకుండానే వెళ్ళొస్తోంది. ఇన్ని మారిన చోట తమరొక్కరే చెక్కు చెదరలేదు.

ఇంతకీ ఆ ఊరికి నేనెందుకు వెళ్ళాలనుకుంటున్నానో తమరు అడగలేదు. అడిగే అలవాటు తమరికి లేదు, తల లెక్కే కావాలి. చెప్తాను.

ఒక్కో మనిషికి ఒక్కో గది అని లెక్కగా కట్టిన భవనం ఆ ఊళ్ళో ఒకటుంది, అదే ఆ సెల్యులర్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించారు. ఏడు రెక్కలు, మూడంతస్తులు, ఆరువందల తొంభైకి పైగా గదులు. గదికి ఒక్కడు. ఒక రెక్క ముందుభాగం ఇంకో రెక్క వీపుకి ఎదురుగా ఉండేట్టు కట్టారు, ఎదుటివాడి ముఖం కూడా కనిపించకూడదని. ఏడింటిలో ఇప్పుడు మిగిలినవి మూడే. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం మనుషుల్లో కొందరిని ద్వీపాంతరం పంపింది ఆ అండమాన్‌కే. మా ఇంటికి నాలుగైదు గంటల దూరంలో ఉన్న అడవిలో పుట్టినవాళ్ళు, రోజూ నేను సాయంత్రం షికారుకి పోయే ఈ సముద్రానికి అవతల. చిన్నప్పుడు పాఠంలో రెండు వాక్యాలుగా చదివి వదిలేశాను. ఆ గదుల్లో ఒకదాని ముందు, పక్కనెవరూ మాట్లాడకుండా, కాసేపు నిలబడాలని నా కోరిక. అంతే. దానికి ఫోటో తీసిపెట్టేవాళ్ళు అక్కర్లేదు, "ఇంక పద, ఆకలేస్తోంది" అనేవాళ్ళు అసలే అక్కర్లేదు. దొరలు ఒంటరితనాన్ని శిక్షగా వాడారు. తమరు దానికి జరిమానా వేస్తున్నారు.

ఇంక ఈ "తమరు" నావల్ల కాదు.

ఏమయ్యా ట్విన్ షేరింగూ, ఒక్కరుగా తిరిగేవాళ్ళు ఎవరనుకున్నావు నువ్వు? భర్త పోయాక పిల్లలకి బరువు కాకూడదని సొంతంగా బయల్దేరే ఆవిడ. భార్యకి మోకాళ్ళ నొప్పులైతే, నువ్వైనా చూసిరా అంటే కదిలిన రిటైర్డ్ మాష్టారు. పెళ్ళి వద్దనుకున్న పిల్ల. సెలవు ఎవరితోనూ కలవని నర్సు. వీళ్ళకి తోడు లేదని ఊరంతా రోజూ గుర్తు చేస్తూనే ఉంటుంది, పండక్కి ఒకసారి, పెళ్ళిళ్ళలో ఒకసారి, ఆస్పత్రిలో "వెంట ఎవరొచ్చారు" అని ఒకసారి. నువ్వు దానికి రసీదు కూడా ఇస్తావు. లేని మనిషికి మంచం వేసి, లేని మనిషికి భోజనం వడ్డించి, బిల్లు మాత్రం ఉన్న మనిషికి ఇస్తావు. చేసేది చేస్తూ పైన ఎంత ముద్దుగా పేరు పెట్టుకున్నావయ్యా, షేరింగ్! ఏం పంచావు నాకు? తువ్వాలు!

నీ ప్యాకేజీ నాకొద్దు. ముక్కలు ముక్కలుగా నేనే కొనుక్కుంటాను. మా ఊరి రేవు నుంచి అప్పుడప్పుడూ అండమాన్‌కి ప్రయాణికుల ఓడ పోతుంది. రెండు రోజులకి పైనే పడుతుంది, తారీఖులు ఎప్పుడు బయటపెడతారో ఆ సముద్రుడికే ఎరుక. కానీ బంక్ క్లాసులో మనిషికో పరుపు, పరుపుకో టిక్కెట్టు. ఆ ఓడలో పోయేవాళ్ళలో శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లోంచి తాతల నాడే వెళ్ళి అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళు బోలెడుమంది. సెలవు చాలితే వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం. చాలకపోతే రెండు వైపులా విమానమే. కిటికీ సీటుకి ఎక్కువ గుంజుతారు గానీ, కనీసం పక్క సీటు డబ్బు అడగరు.

ఈ పూట నీ అబ్బాయి మళ్ళీ ఫోన్ చేశాడు. "మేడం, సెకండ్ పర్సన్ కన్‌ఫర్మ్ అయ్యారా?" ఆయన ఇంకా పుట్టలేదని చెప్పి పెట్టేశాను.

తర్వాత ఎవరో ఇచ్చిన నంబరుకి కలిపాను. అబర్డీన్ బజారుకి దగ్గర్లో ఇంటి మేడ మీద గదులు అద్దెకిస్తారట. ఎత్తినావిడ నా హిందీ రెండు ముక్కలు విని, "తెలుగోళ్ళా అమ్మా?" అంది. వాళ్ళది ఇచ్ఛాపురం వైపట. గది రోజుకి 1,400. ఎంతమంది అని తనే అడిగింది. ఒక్కదాన్నే అన్నాను, నువ్వు నేర్పిన భయానికి కాస్త గొంతు తగ్గించి.

"ఒక్కరే అయితే మరీ మంచిదమ్మా" అంది ఆవిడ. "మాకు నీళ్ళకి ఇబ్బంది. ఇద్దరొస్తే ట్యాంకు ఖాళీ చేసేస్తన్నారు."

ఇట్లు,
పెద్దలు: 1
పిల్లలు: 0
బక్కెట్లు: ఒకటిన్నర