దుప్పటి ఎత్తి చూడండి

మంచం పట్టిన మనిషికి ‘వీపంతా పుండ్లు పడ్డాయి’ అంటే ఇక రోజులు దగ్గరపడ్డాయనే మన ఇళ్లలో అర్థం చేసుకుంటారు. వృద్ధాశ్రమాల్లోనూ ఇదే ధోరణి. వయసైపోయింది, పుండు రాక ఏమవుతుంది అంటారు. ఈ మాటను మేము ఒప్పుకోం. చివరి రోజుల్లో ఎంత చూసుకున్నా ఆపలేనివి కొన్ని ఉంటాయి. మిగతా పడక పుండ్లు (బెడ్ సోర్స్) చాలావరకు మనిషిని పక్కకు తిప్పే చెయ్యి లేక వచ్చేవే.

ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం గంటల తరబడి నలిగితే అక్కడికి రక్తం అందదు. నడుము కింద, తుంటి మీద, మడమల దగ్గర ముందుగా ఎర్రబడుతుంది. ఆ ఎరుపును వేలితో నొక్కి వదిలితే ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ రంగు రావాలి. నొక్కినా తెల్లబడలేదంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కంటికి ఆనదు కాబట్టి తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో తగులుతుంది. అప్పుడే పక్కకు తిప్పి, మడమ పరుపుకు తగలకుండా పిక్క కింద దిండు పెడితే అక్కడితో ఆగే అవకాశం ఎక్కువ. వదిలేస్తే ఎముక దాకా పోతుంది.

రాత్రిపూట ఏం జరుగుతుందో చూడండి. మంచం మీద కిందికి జారిపోయిన పెద్దాయనను ఇద్దరు కలిసి దుప్పటితో సహా ఎత్తి పైకి జరపాలి. ఉన్నది ఒక్క ఆయా. చంకల కింద చేతులు వేసి లాగుతుంది. కాగితంలా పలచబడిన చర్మం పక్కబట్టకు ఒరుసుకుని చీలుతుంది. తెల్లారాక అందరూ ఆమెనే తిడతారు. ఒక్కరే ఎత్తలేని బరువును ఆమెకు అప్పజెప్పిన యాజమాన్యాన్ని మాత్రం అడిగేవారుండరు.

పుండు పడ్డాక చేసే వైద్యంలోనూ తెలియక జరిగే హాని తక్కువేం కాదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే పుండుతో పాటు కొత్తగా వస్తున్న కండా మాడుతుంది. ఎర్రబడిన చోట నూనె రాసి మర్దన చేయడం, మధ్యలో చిల్లున్న రబ్బరు దిండు వేయడం మేలు చేయవు. సెలైన్‌తో కడిగి తడి ఆరిపోని డ్రెస్సింగ్ వేయాలి, డైపర్ తడిసిన వెంటనే మార్చాలి. మూడు పూటలా ఇడ్లీ, గంజి పెడుతుంటే పుండు ఏం పెట్టుకుని మానుతుంది? గుడ్డు, పప్పు, పెరుగు కావాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, చెప్పు కరిచినా వాళ్లకు తెలియదు.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి సరిపడే ఆశ్రమం గురించి మాట్లాడింది. ఆశ్రమాల్లో వైద్యసేవల ప్రమాణాలు నిర్ణయించే పనిని రాష్ట్రాలకు వదిలింది. పుండ్లను లెక్కపెట్టే ఆస్ట్రేలియాలోనూ మొదటి నుంచీ అంతా సవ్యంగా లేదు. వృద్ధుల సేవలపై అక్కడి ప్రభుత్వం వేసిన విచారణ సంఘం (రాయల్ కమిషన్) 2019లో ఇచ్చిన మధ్యంతర నివేదికకు పెట్టిన పేరే ‘నిర్లక్ష్యం’. అదే ఏడాది జులై నుంచి ప్రభుత్వ నిధులు పొందే ప్రతి వృద్ధుల నివాసం ఎందరికి పడక పుండ్లున్నాయో 3 నెలలకోసారి లెక్క చెప్పాలన్నారు. 2024 అక్టోబరు నుంచి సగటున ఒక్కొక్కరికి రోజుకు 215 నిమిషాల సేవ అందాలని, అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సువి కావాలని లక్ష్యం పెట్టారు. అంత డబ్బు మన దగ్గర లేదంటారా, సరే. పుండ్లు లెక్కపెట్టడానికి డబ్బెందుకు?

రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు ఆ పని చేయించాలి. లేవలేని ప్రతి మనిషి మంచానికీ ఒక చార్టు వేలాడాలి. ఏ గంటకు ఏ పక్కకు తిప్పారో అందులో రాయాలి. మామూలుగా 2 గంటలకోసారి అంటారు, పరుపును, మనిషిని బట్టి నర్సు మార్చుకోవచ్చు. రాత్రి డ్యూటీలో కనీసం ఇద్దరుండాలి. తనిఖీకి వచ్చే అధికారులు పగలు వచ్చి వంటగది, రిజిస్టర్లు చూసి వెళ్లిపోతే కుదరదు. ఆయా సాయంతో, ఆ మనిషి అనుమతితో దుప్పటి ఎత్తి రెండు మడమలూ చూడాలి.

డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వీడియో కాల్ చేసే పిల్లలకు అమ్మ ముఖమే కనిపిస్తుంది. ‘బాగున్నావా’ అంటే ఆమె బాగున్నాననే అంటుంది. చార్టు ఫొటో కూడా పంపమని వారానికోసారి ఆశ్రమాన్ని అడగండి.