సవరణ: పార్టీ పుట్టింది మహాసభలో కాదు

శ్రీకాకుళ గిరిజన పోరాటం మీద మొన్నటి పోస్టులో ‘సీపీఐ (ఎంఎల్) 1970 మహాసభలో పుట్టింది’ అని నక్సలైట్ల పార్టీ గురించి ఉంది. దాన్ని ఇలా చదువుకోండి: పార్టీ ఏర్పడింది 1969 ఏప్రిల్ 22న, లెనిన్ పుట్టినరోజు నాడు. మే 1న కలకత్తా మైదానంలో నక్సల్బరీ నాయకుడు కాను సన్యాల్ ఆ సంగతి అందరి ముందూ ప్రకటించారు. మహాసభ మాత్రం ఏడాది తర్వాత, 1970 మేలో, అదీ కలకత్తాలోనే, రహస్యంగా జరిగింది. దాన్ని కొందరు మొదటిదంటారు, కొందరు ఎనిమిదోదంటారు. 1964లో సీపీఎం పాత సీపీఐ వరసనే కొనసాగిస్తూ తన మహాసభను ఏడోదిగా లెక్కేసుకుంది కదా, సీపీఎం నుంచి బయటికొచ్చిన వీళ్లూ అదే వరస పట్టుకున్నారు. పార్టీ వదిలారు గానీ నంబరు వదల్లేదన్నమాట!

ఇంకొకటి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం సభకు వెళ్తూ గిరిజనులు కోరన్న, మంగన్న కాల్పుల్లో చనిపోయిన లేవిడిని ‘విజయనగరం జిల్లా’ అన్నాం. అప్పటికి మన జిల్లా ఎక్కడుంది? 1979 జూన్ 1న కదా వచ్చింది. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం.

ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయిన తేదీ (1970 జూలై 10) సరైనదే, దాన్ని మార్చలేదు.